షోలాపూర్ సిటీ బస్సు - మన ఇండ్లు, మన దారి

షోలాపూర్ పద్మశాలీలంటే అందరికీ చద్దర్లు, టవల్లు గుర్తుకొస్తాయి. ఈసారి మనం బస్సు గురించి రాస్తున్నాం. ఎందుకంటే మగ్గం ఒక చోట, ఇల్లు ఒక చోట అయినప్పుడు మధ్యలో బతుకు నడిపేది బస్సే.

మన పెద్దలు కరీంనగర్, వరంగల్, నల్గొండ, పాలమూరు దిక్కు నుంచి పని కోసం వచ్చారు. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు పడింది. అప్పట్లో ఇల్లు, మగ్గం ఒక్క కప్పు కిందనే. సాఖర్ పేట, దాజీ పేట, అశోక్ చౌక్ అంతా నడిచి తిరిగే దూరమే. బస్సు అవసరం తక్కువ. 1948 జూన్ 1న పూణే - అహ్మద్‌నగర్ మధ్య మహారాష్ట్ర ఎస్టీ మొదటి బస్సు నడిచింది. ఆ తర్వాత పల్లెలకు కూడా దారి దొరికింది. ఊరిలో తిరగడానికి మున్సిపాలిటీ సిటీ బస్సులు వచ్చాయి. నూలు మూట ఒళ్ళో పెట్టుకొని, కండెల సంచి కాళ్ళ దగ్గర పెట్టుకొని మేము ఎన్నిసార్లు పోయామో లెక్క లేదు. రాఖీ పున్నమికి మార్కండేయ రథం చూడటానికి శివారు వాళ్ళు బస్సులోనే వచ్చేవాళ్ళు.

కష్టం ఎక్కడ మొదలైందంటే, ఇండ్లు ఊరు దాటినప్పుడు. మన ఆడవాళ్ళు చాలామంది బీడీలు చుడతారు. వాళ్ళకు అక్కల్‌కోట్ దారిలో కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ పేరుతో 10,000 ఇండ్లు కట్టారు. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ గారు వచ్చి ఇచ్చారు. అక్కడే రాయనగర్‌లో 2024 జనవరి 19న ఇంకో 15,000 ఇండ్లు ఇచ్చారు. సొంత ఇల్లు వచ్చింది, సంతోషమే. కానీ పని, బజారు, దవాఖాన అంతా ఊర్లోనే ఉండిపోయాయి. బస్సులేమో పాతబడి తగ్గాయి, షేర్ ఆటోలు పెరిగాయి. తొందరగా పోతాయని మనం కూడా ఆటోలే ఎక్కాం. మనం ఎక్కకపోతే బస్సు ఎట్లా నిలబడుతుంది?

మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. సంఘం మీటింగు రాత్రి 8కి పెట్టేవాళ్ళం. కుంభారి మెంబర్లు వచ్చేవాళ్ళు కాదు. వాళ్ళకు సంఘం మీద ప్రేమ లేదని కోప్పడ్డాం. ఒక అక్క లేచి, "అన్నా, వస్తాం సరే, తిరిగి ఎట్ల పోవాలె? ఆటోకు ఇస్తే ఆనాటి కూలి సగం పాయె" అన్నది. మాకు మాట రాలేదు. అప్పటి నుంచి మీటింగు మధ్యాహ్నం 3కే.

ముందు ముందు ఏమిటి? కేంద్రం 2023 ఆగస్టులో 10,000 కరెంటు బస్సుల పథకం ఒప్పుకుంది. అందులో షోలాపూర్ కూడా ఉంది. బస్సులు వస్తే చాలదు, మన వేళలకు రావాలి. పొద్దున బీడీలు అప్పజెప్పే వేళకు, రాత్రి కార్ఖానా వదిలే వేళకు కుంభారి దారిలో బండి ఉండాలి. నూలు సంచి పెట్టుకునే జాగా ఉండాలి. ఎస్టీలో ఆడవాళ్ళకు 2023 మార్చి నుంచి సగం టికెట్టే. సిటీ బస్సులో కూడా అట్లా అడగడం తప్పు కాదు.

ప్రతి పేటలో మన సంఘాలు ఏ వేళకు ఎంతమంది ఎక్కుతారో రాసి, సంతకాలు పెట్టి ఇవ్వాలి. పోగు పోగు కలిస్తేనే బట్ట. ఈ పని కూడా అంతే.