ఆకాశచిత్రముల సాక్ష్యము

1944 ఏప్రిల్ మొదలు మిత్రపక్షముల విమానములు పోలండు దేశమున ఆష్విట్జు చెంతనున్న రసాయన కర్మాగారమునకు ఛాయాచిత్రములు తీసెను. ప్రక్కనున్న మారణశిబిరము గూడ వానిలో బడెను. పరిశీలకులు కర్మాగారమునే చూచిరి. అచ్చటి ఘోరము నెవ్వరును గ్రహింపరైరి. ఆ చిత్రములు ముప్పదియేండ్లకు పైగా మూలబడియుండెను.

1978లో అమెరికా గూఢచారశాఖకు జెందిన బ్రూజియోని, పొయిరియర్ అనువారలు వానిని వెదకి తెప్పించిరి. ఆగస్టు 25 నాటి చిత్రమున, విషవాయుగృహమువైపు సాగు జనపంక్తిని గుర్తించి, 1979లో లోకమునకు దెలిపిరి.

ఇట్టి పూర్వచిత్రములను గోరువారు ఊరిపేరు మాత్రము వ్రాసిన జాలదు. అక్షాంశ రేఖాంశములను, కాలమును నిర్ణయించుకొని, సూచికాపటమునుండి ఫిల్ముచుట్ట సంఖ్యను, చిత్రసంఖ్యను గ్రహింపవలెను. ఇరుప్రక్కల చిత్రములను గూడ తెప్పింపవలెను. వెదకని సత్యము అంచున నుండవచ్చును. సాక్షి యున్నను, అడుగువాడు లేనిచో సాక్ష్యము మూగవోవును గదా!