మెసపొటేమియా దండయాత్ర - సేనాధిపత్యము

దుర్యోధనుడు భీష్మునకు సేనాధిపత్యాభిషేకము చేసిన ఘట్టము మన గ్రంథాలయ పాఠకులకు సుపరిచితమే. పదునొకండక్షౌహిణులు ఎవని యాజ్ఞకు లోబడవలెనో అందరియెదుటనే తేలిపోయినది. భీష్ముడుండగా నాయుధము పట్టనని కర్ణుడు వహించిన యలుకయు బహిరంగమే. మొదటి ప్రపంచయుద్ధమున మన దేశపు సైన్యము మెసపొటేమియాకు, అనగా నేటి ఇరాకునకు, పోయినపుడు ఆపాటి స్పష్టతయు లేకపోయెను.

1914 నవంబరులో ఫావ్‌వద్ద దిగి బస్రాను పట్టుకొన్న యా సేనకు యజమానులు పలువురు. లండనులో ఇండియా మంత్రి, ఇచట వైస్రాయి, సర్వసేనాని సర్ బ్యూచాంప్ డఫ్; 1915 ఏప్రిలునుండి బస్రాలో జనరల్ నిక్సను. 1905లో కర్జనుతో జరిగిన వివాదమున కిచెనరు నెగ్గిన పిమ్మట, సర్వసేనాని పదవియు, ప్రభుత్వమున సైనిక వ్యవహారములు చూచు సభ్యుని పదవియు క్రమముగా నొక్కనికే చెందినవి. లెక్క వ్రాసినవాడే తనిఖీయు చేసినచో ఏమగునో మా వృత్తివారికి వేరుగ చెప్పనక్కరలేదు. డఫ్ సిమ్లా ఢిల్లీలనుండియే యుద్ధమును నడపెను. బస్రాను కన్నులార చూచి యెరుగడు.

నిక్సను క్రింద ఆరవ డివిజనుకు నాయకుడు టౌన్‌షెండు. ఉన్న బలముతో బాగ్దాదుపైకి పోరాదని అతడు సందేహించెను. నిక్సను పొమ్మనెను, పై ప్రభుత్వములు సమ్మతించినవి. 1915 నవంబరులో టెసిఫన్‌వద్ద నాలుగువేలకు పైగా హతులు, క్షతగాత్రులు అయిరి. గాయపడినవారిని గతుకుల దారిని మామూలు బండ్లలో వేసి తెచ్చిరి. వెనుదిరిగిన సేన డిసెంబరు 7న కూత్ పట్టణమున తురుష్కుల ముట్టడిలో చిక్కెను.

అటుపిమ్మట నాయకుల మార్పులు మొదలయ్యెను. 1916 జనవరిలో నిక్సను తొలగగా లేక్ వచ్చెను. కూత్‌ను విడిపింపబోయిన ఐల్మరు విఫలుడు కాగా మార్చిలో గారింజిని నియమించిరి. ఈ ప్రయత్నములలో సుమారు 23,000 మంది హతులు, క్షతగాత్రులు అయిరి. కౌరవులకును సేనానులు మారిరి గాని, వారు పడిపోయినమీదట మారిరి. లోపల నాకలి. మనవారిలో పెక్కురు గుఱ్ఱపు మాంసము ముట్టక చాలకాలము శుష్కించిరి. ఏప్రిలు 29న సుమారు 13,000 మంది లొంగిపోయిరి. అందు హెచ్చుభాగము భారతీయులు. వేలకొలది దారిలోను చెరలోను మరణించిరి. టౌన్‌షెండు ఇస్తాంబులు చెంతనున్న దీవిలో సుఖముగ నుండెను; 1917లో అతనికి సర్ బిరుదమును వచ్చెను.

ఇంతమందిని బలియిచ్చిన నిర్ణయములలో మనవారి మాట యొక్కటియు లేదు. భారతీయునకు అందదగిన మేటి పదవి సుబేదారు మేజరు. ముప్పదియేండ్లు కొలువు చేసినను, నిన్న మొన్న విలాయతునుండి వచ్చిన నూనూగు మీసముల లెఫ్టినెంటుకు అతడు లోబడవలసినదే.

1917లో విచారణసంఘము తన నివేదికలో నిక్సనును, డఫ్‌ను, వైస్రాయిగా నుండిన హార్డింజిని తప్పుపట్టెను. ఇండియా మంత్రి ఆస్టెన్ చేంబర్లేను రాజీనామా చేసెను. ఆ యాగస్టులోనే తొమ్మిదిమంది భారతీయులకు రాజనియామక పత్రములిచ్చుటకు అంగీకరించిరి. 1919లో ఇండోరు పాఠశాలనుండి అట్టి పత్రము పొందిన యువకులలో కరియప్ప యొకడు. మరుసటియేట అతని పటాలమును ఆ ఇరాకునకే పంపిరి. 1949 జనవరి 15న స్వతంత్రభారత సేనకు తొలి భారతీయ సర్వసేనాని యైనవాడు అతడే.