వణకు వంశమును పట్టునా?

పండుగ సంచికలో రోగము ముచ్చట యేల యని పెద్దలు కోపగించుకొనరాదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వును వేయుదుము గదా. పిల్లకు సంబంధము చూడవచ్చిన నాడు, చేయి వణకు తాతగారిని లోపలి గదిలో కూర్చుండబెట్టిన ఇండ్లను మేము ఈ ధర్మపురిలోనే ఎరుగుదుము. ఆ భయము ఎంతవరకు నిజమో చూతము.

మన ఆయుర్వేదము కంపవాతమని చెప్పిన వ్యాధిని పోలినదానిని గూర్చి 1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఒక చిన్న పుస్తకము వ్రాసెను. అందలి రోగులు ఆరుగురే. వారిలో కొందరిని ఆయన వీధిలో చూచినదే. వ్యాధికి ఆయన పేరే నిలిచినది.

వంశము మాటకు వచ్చిన, పండితులే త్రోవ మార్చుకొనిరి. 1983లో అమెరికా వైద్యులు ఒకే పోలికగల కవలలను పరీక్షింపగా, ఒకరికి వచ్చిన వ్యాధి రెండవవారికి సామాన్యముగా రాలేదు. వంశముతో అంతగా పని లేదని తలచిరి. 1997లో ఆ తలపు తారుమారైనది. ఇటలీలోని కాంటుర్సి అను ఊరు మూలముగా గల కుటుంబమొకదానిలో తరతరములకును వ్యాధి వచ్చుటకు ఆల్ఫా సిన్యూక్లీన్ అను జన్యువులో ఒక్క అక్షరము మారుటయే కారణమని తేలినది. 1998లో జపానువారు పార్కిన్ అను మరియొక జన్యువును కనుగొనిరి.

మనకు కావలసినది ఈ రెండవది. ప్రతి మనిషికి ఈ జన్యువు తల్లినుండి ఒక నకలు, తండ్రినుండి ఒక నకలు వచ్చును. రెండును చెడినగాని ఈ రకపు వ్యాధి రాదు. వచ్చినచో నలువది యేండ్లు నిండకమునుపే రావచ్చును. ఒక్క నకలు చెడినవారు సామాన్యముగా సుఖముగనే యుందురు, వారికి సంగతియే తెలియదు. అట్టివారిద్దరు దంపతులైన, ఒక్కొక్క బిడ్డకు నాలుగింట ఒక వంతు అపాయము. మేనరికములోను, అక్కకూతును చేసికొనుటలోను ఒకే తాతగారి చెడిన నకలు ఇరువైపులనుండి బిడ్డను చేరుట సులభము. ఈ ఆచారము మనకును ఉన్నది, చుట్టునున్న తమిళ సోదరులకును ఉన్నది. ఆస్తి బయటికి పోదని మురియుదుము. చెడిన నకలును బయటికి పోదు.

లోపలి గదిలోని తాతగారి సంగతి వేరు. అరువది దాటిన పిమ్మట వచ్చు వ్యాధి చాలవరకు ఒక్క జన్యువువలన వచ్చునది కాదు. గ్లూకోసెరిబ్రోసిడేస్ జన్యువులో మార్పులున్నవారికి అపాయము ఐదింతలని 2009లో లెక్క తేల్చిరి. అయినను అట్టివారిలో చాలమందికి వ్యాధి రానేరాదు. 2019లో మరి 90 చిన్న మార్పులను పట్టిక వేసిరి. ఒక్కొక్కటి అపాయమును రవ్వంత పెంచునది, లేదా తగ్గించునది. అయితే ఆ పట్టిక ఐరోపా సంతతివారిని చూచి వేసినది.