సింహాసనమెక్కిన సాతాను

1931 జులై 5, ఆదివారం. లండన్‌లో ఆ నెలలో రాత్రి తొమ్మిదింటిదాకా వెలుతురు పోదు. కేంబ్రిడ్జ్ థియేటర్ లోపల మాత్రం కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. తెర వెనక రంగుల వాసన. వేడెక్కిన దీపాల వాసన. మెట్లు. మెట్ల పైన సింహాసనం. దాని మీద ముఖానికి తొడుగు పెట్టుకుని ఉలుకూ పలుకూ లేకుండా ఒక ఆకారం. ప్రోగ్రాం కాగితంలో ఆ పాత్ర పేరు ‘యోబు ఆత్మస్వరూపం’. అది దేవుడని బైబిలు చదివినవాళ్లకెవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. కానీ ఆ మాట అచ్చులో పడకూడదు. పడితే ఆట ఆగిపోతుంది.

ఇంగ్లండులో అప్పటి చట్టం అలాంటిది. నాటకమేదైనా లార్డ్ ఛాంబర్లిన్ ఆఫీసు చూసి సరేననాలి. దేవుణ్ణి వేదిక మీద చూపించడానికి ఆ ఆఫీసు ఒప్పుకోదు. ఇక్కడేమో కథంతా దేవుడి ముందే జరుగుతుంది. దేవుడికీ సాతానుకూ మధ్య పందెం. పణంగా పెట్టింది యోబు అనే మనిషిని.

తెలుగువాళ్లకు ఇలాంటి పందెం కొత్త కాదు. హరిశ్చంద్రుడిచేత అబద్ధమాడిస్తానని విశ్వామిత్రుడు పంతం పట్టలేదూ, అలాంటిదే ఇదీ. అయితే ఇక్కడి ప్రశ్న ఇంకా లోతుకు గుచ్చుకుంటుంది. నోవహుతో మొదలుపెట్టి అబ్రాహాము, మోషే, దావీదుల దాకా దేవుడు మనుషులతో నిబంధన చేసుకుంటూ వస్తాడు. సాతాను ఆ నిబంధన వేరుకే గొడ్డలి పెడతాడు. నువ్విస్తున్నావు కాబట్టి వీడు మొక్కుతున్నాడు, ఇచ్చిందంతా లాక్కుని చూడు, నీ మొహం మీదే శపిస్తాడు అంటాడు. దేవుడు సరేనన్నాడు.

కింద చీకట్లో ఆంటన్ డోలిన్ ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు. ఇరవై ఆరేళ్లు. ఉక్కు తీగలాంటి ఒళ్లు. ఈ రాత్రికి అతనే సాతాను. వేదిక ముందు ఆర్కెస్ట్రా పిట్‌లో కాన్‌స్టంట్ లాంబర్ట్ చెయ్యెత్తాడు. అతనికింకా ఇరవై ఆరు నిండలేదు. నాలుగేళ్లు గడప గడపా తిరిగి వచ్చిన నాట్యమిది. మొదటి గడపలోనే దీన్ని తిప్పికొట్టారు.

1927. విలియం బ్లేక్ చనిపోయి నూరేళ్లు. యోబు గ్రంథానికి ఆ కవి, చిత్రకారుడు చెక్కిన 21 బొమ్మలు 1826లో అచ్చయ్యాయి. బతికుండగా ఆయన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. జెఫ్రీ కీన్స్‌కి మాత్రం బ్లేక్ అంటే ప్రాణం. వృత్తిరీత్యా ఆయన కత్తి పట్టే సర్జన్. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడ్డ సైనికులకు నెత్తురెక్కించిన డాక్టరు. బ్లేక్ బొమ్మల వరసను చూస్తూ చూస్తూ ఉంటే ఆయనకు అందులో నాట్యం కనపడింది. చేతులు పైకి లేస్తున్నాయి. దేహాలు విరుచుకు పడుతున్నాయి. ఒక బొమ్మలోని భంగిమ పక్క బొమ్మలో జవాబు వెతుక్కుంటోంది.

భార్య అక్క గ్వెన్ రావెరా దగ్గరికి వెళ్లాడు. ఆమె చెక్కమీద బొమ్మలు చెక్కే కళాకారిణి, చార్లెస్ డార్విన్ మనవరాలు. భర్త జాక్ దీర్ఘరోగంతో తీసుకుని తీసుకుని 1925లో కన్నుమూశాడు. యోబు బాధ ఏమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. చిన్న బొమ్మల రంగస్థలం కట్టింది. తెరలు గీసింది. అట్టముక్కలతో మనుషుల్ని కత్తిరించింది. వేలెడంత సాతాను, వేలెడంత యోబు. వీళ్లకిక సంగీతం కావాలి.

దానికోసం బయటికి పోనక్కర్లేకపోయింది. డార్విన్ల చుట్టమే ఒకాయన ఉన్నాడు, రాల్ఫ్ వాన్ విలియమ్స్. నలభై రెండేళ్ల వయసులో యుద్ధానికి వెళ్లి అంబులెన్స్ దళంలో మామూలు సిపాయిగా చేరిన సంగీతకారుడు. ఒప్పుకున్నాడు గానీ షరతులు పెట్టాడు. దీన్ని బ్యాలే అనకూడదు. పూర్వం ఇంగ్లండు రాజుల కొలువుల్లో ఆడిన నాట్యాల పేరు పెట్టాలి. కాలివేళ్ల మీద నిలబడి తిరగడం ఒక్కచోట కూడా ఉండకూడదు. ఆ మునివేళ్ల ఆట చూస్తే ఆయనకు ఒళ్లు మండేది. ఆ రోజుల్లో బ్యాలే అంటే డియాగిలెవ్. యూరప్ మొత్తం ఆయన రష్యన్ బృందం వెంట పడి పోతోంది. కీన్స్ ఫ్రెంచిలో కథ రాయించి, బ్లేక్ బొమ్మలు జతచేసి ఆయనకు పంపాడు. జవాబు వచ్చింది.

వద్దన్నాడు. మరీ ఇంగ్లిషు సరుకట. మరీ పాతచింతకాయ పచ్చడట.

అక్కడితో ఆగిపోవలసిందే. ఆగలేదు. డియాగిలెవ్ కాదన్నందుకు వాన్ విలియమ్స్‌కి లోలోపల ఊరటే. నర్తకులున్నా లేకపోయినా ఆయన రాస్తూనే పోయాడు. ఆర్కెస్ట్రా పెరిగింది. సాక్సోఫోన్ చేరింది. ఆర్గన్ చేరింది. డప్పులూ తాళాలూ పెరిగిపోయాయి. అప్పుడు గుస్టవ్ హోల్స్ట్ అడ్డుపడ్డాడు.

వాళ్ల స్నేహం 1895 నాటిది. ఒకరు రాసిన సంగీతాన్ని ఇంకొకరు ముందేసుకుని మొహమాటం లేకుండా చీల్చి చెండాడుకోవడం వాళ్లకు అలవాటు. డప్పులు తగ్గించవయ్యా అని హోల్స్ట్ దాదాపు కాళ్లావేళ్లా పడ్డాడు. వాన్ విలియమ్స్ తగ్గించాడు. 1930 అక్టోబరు 23న నార్విచ్‌లో, మధ్యయుగంలో సన్యాసుల చర్చిగా కట్టిన సెయింట్ ఆండ్రూస్ హాల్లో, ఎత్తైన రాతి స్తంభాల కింద ‘యోబు’ మొట్టమొదటిసారి వినిపించింది. రిహార్సల్స్ ఒక్కటీ వదలకుండా హోల్స్ట్ హాజరయ్యాడు, అందుకోసం నార్విచ్‌కి పనిగట్టుకుని వెళ్లాడు. సంగీతం బతికింది. కానీ నాట్యమేది?

డియాగిలెవ్ 1929 ఆగస్టులో వెనిస్‌లో చనిపోయాడు. ఆయన బృందం చెల్లాచెదురైంది. మిగిలినవాళ్లతో లండన్‌లో నాట్యాన్ని నిలబెట్టడానికి కమార్గో సొసైటీ పుట్టింది. కోశాధికారి జెఫ్రీ అన్న, ఆర్థికవేత్త మేనార్డ్ కీన్స్. డబ్బు తక్కువ. సొంత థియేటర్ లేదు. వారమంతా వేరే కొలువుల్లో ఆడే నర్తకులకు ఖాళీ దొరికేది ఆదివారం. ‘యోబు’ను ఆడి తీరాలని ఆ సొసైటీ దగ్గర పట్టుబట్టినవాడూ హోల్స్టే. పని నినెట్ డి వాల్వా చేతిలో పడింది. ఐర్లండులో పుట్టిన మనిషి, వయసు ముప్పై మూడు, ఒకప్పుడు డియాగిలెవ్ దగ్గరే ఆడింది. ఆమె బ్లేక్ బొమ్మలు ముందు పెట్టుకుంది. నర్తకుల్ని బొమ్మల్లోకి నెట్టింది. మోకాళ్లు, భుజాలు, చాచిన అరచేతులు, వంగిన వెన్నులు. మునివేళ్లకు పనే లేదు. మరి అంత పెద్ద ఆర్కెస్ట్రా ఈ పిట్‌లో పట్టేదెలా? లాంబర్ట్ కూర్చుని స్కోరు మొత్తాన్నీ చిన్న బృందానికి కుదించాడు.

ఇప్పుడా చెయ్యి కిందికి దిగింది.

యోబు, భార్య, బిడ్డలు. మందలు. సాయంకాలపు ప్రార్థన. సాతాను వచ్చాడు, పందెం కట్టాడు. మరుక్షణం సింహాసనం ఖాళీ. డోలిన్ మెట్ల మీదికి లంఘించాడు, ఎగిరాడు, పొర్లాడు, ఎవరూ లేని ఆ గద్దె ముందు వెక్కిరింతగా మోకరిల్లాడు, ఆఖరుకి తానే ఎక్కి కూర్చున్నాడు.

యోబు కొడుకులూ కోడళ్లూ నెమ్మదైన అడుగులతో విందులో నర్తిస్తున్నారు. సాతాను నీడ పడింది. అందరూ నేలకొరిగారు. ముగ్గురు దూతలు చావు కబుర్లు మోసుకొచ్చారు. యోబు ఇంకా తలవంచే ఉన్నాడు. అప్పుడు వచ్చారు ముగ్గురు స్నేహితులు, ఓదార్చడానికి. సాక్సోఫోన్ మొదలైంది. జిడ్డులాంటి, జాలి నటించే గొంతు. చేతులు చాస్తారు, దగ్గరికొస్తారు, అంతలోనే వేలు పెట్టి చూపిస్తారు: తప్పు నీదే. ఒంటి నిండా పుండ్లున్నవాడికి ఇంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది? ఇంతసేపూ ఓర్చుకున్న యోబు లేచాడు. తాను పుట్టిన రోజును శపించాడు. చేతులు ఆకాశానికెత్తాడు. పైనున్నవాడు జవాబు చెప్పాలి.

ఆకాశం తెరుచుకుంది.

సింహాసనం మీద సాతాను.

వాన్ విలియమ్స్ పెద్ద స్కోరులో ఇక్కడ ఆర్గన్ కప్పు ఎగిరిపోయేలా గర్జిస్తుంది. లాంబర్ట్ దగ్గరున్నది గుప్పెడు వాద్యాలు. అయినా ఆ దృశ్యానికి శబ్దం కన్నా చూపే చాలు. నమ్ముకున్న చోట నమ్మినవాడు లేడు. మనిషి భయపడేది సరిగ్గా దీనికే, దీన్ని మాటల్లేకుండా చూపించడం నాట్యానికే చేతనవుతుంది.

ఇక్కడ బ్లేక్ దాచిపెట్టిన రహస్యం ఒకటుంది. ఆయన బొమ్మల్లో దేవుడి ముఖం, యోబు ముఖం ఒక్కటే. అదే గడ్డం, అదే నుదురు. మనిషి తనలో దేన్ని కూర్చోబెడితే పైన అదే కనపడుతుంది. సెన్సారు భయంతో పెట్టిన ‘యోబు ఆత్మస్వరూపం’ అనే పేరు బ్లేక్ చెప్పదలచుకున్నదానికి అచ్చంగా సరిపోయింది. అంటే ఆ గద్దె మీంచి సాతానును దింపవలసిన పోరు యోబు లోపలే జరగాలి.

ఒంటరి వయొలిన్ లేచింది. యువకుడు ఎలీహు వచ్చాడు. నిందించలేదు, వాదించలేదు, నర్తించాడు. యోబు తల ఎత్తాడు. మళ్లీ వెలుగు. తన గెలుపు ఒప్పుకోమని సాతాను సింహాసనం ముందుకొచ్చి నిలబడ్డాడు. పైనున్న చెయ్యి ఒక్కసారి కదిలింది. డోలిన్ ఆ మెట్ల పై నుంచి తలకిందులుగా దొర్లుకుంటూ వచ్చి అడుగున పడ్డాడు.

పందెం ముగిసింది. చివరి దృశ్యంలో ముసలి యోబు భార్య పక్కన కూర్చుని దూరాన పండిన చేలు చూస్తాడు, కూతుళ్లను దీవిస్తాడు.

అదే నెలలో ఆక్స్‌ఫర్డ్‌లో దేశదేశాల సంగీతకారుల ముందు ‘యోబు’ను ఆడారు. సెప్టెంబరుకల్లా డి వాల్వా సొంత బృందం దాన్ని తన చేతికి తీసుకుంది. ఆ బృందమే 1956లో రాయల్ బ్యాలే అయింది. ఇంగ్లిషు బొమ్మలు, ఇంగ్లిషు సంగీతంతో బ్రిటన్ నాట్యం తన కాళ్ల మీద తాను నిలబడిందని చెప్పడానికి మొదటి పెద్ద రుజువు ఇదే. హోల్స్ట్ 1934లో చనిపోయాడు. ‘యోబు’ బతికిందంటే ఆయన వల్లేనని వాన్ విలియమ్స్ స్వయంగా రాసిపెట్టాడు.

ఆ రాత్రి ఆటను ఇప్పుడు మనం చూడలేం. సంగీతం మాత్రం రికార్డుల్లో ఉంది, బ్లేక్ 21 బొమ్మలూ ఎక్కడైనా దొరుకుతాయి. ఇంట్లో బైబిలుంటే యోబు గ్రంథంలో మొదటి మూడు అధ్యాయాలు చదవండి. పక్కన బొమ్మలు పెట్టుకుని ఆరో దృశ్యం వినండి.