రెండు మొదటి పేజీల పుస్తకం

హైదరాబాద్ పాతబస్తీ కాలేజీల్లో ఫైనల్ ఇయర్ పిల్లల చేతుల్లో తిరిగిన ఆటోగ్రాఫ్ పుస్తకానికి మొదటి పేజీలు రెండు. తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసే దోస్తు ఎడమవైపు అట్ట తీస్తాడు. ఉర్దూలో రాసేవాడు అదే పుస్తకాన్ని తిరగేసి, మొదటివాడు ఆఖరిదనుకున్న పేజీ మీద బిస్మిల్లా చేస్తాడు. రెండు రాతలూ పుస్తకం నడుమ ఎక్కడో ఎదురుపడతాయి. ఈ పుస్తకం పుట్టుక వెతికినా దారి రెండుగానే చీలుతుంది. ఒకటి జర్మనీకి పోతుంది, రెండోది ఇరాన్‌కు.

జర్మనీ దారి అందరికీ తెలిసిందే. 1540ల్లో విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న కుర్రాళ్లు మార్టిన్ లూథర్, ఫిలిప్ మెలాంక్థన్ వంటి గురువుల చేత పుస్తకాల్లో నాలుగు ముక్కలు రాయించుకునేవారు. ఆనాటి విద్యార్థి ఒక్కచోట కుదురుగా చదివే రకం కాదు. ఒక ఊళ్లో తర్కం, ఇంకో ఊళ్లో న్యాయశాస్త్రం చదువుతూ దేశమంతా తిరిగేవాడు. కొత్త ఊళ్లో అతను ఎవరో, ఎవరి శిష్యుడో చెప్పడానికి ఆ పుస్తకమే సాక్ష్యం. ఆల్బమ్ అమికోరమ్ అని దానికి పేరు. పెద్దల సంతకాలతో మొదలైన పుస్తకంలోకి తోటివాళ్ల చిలిపి రాతలు, బొమ్మలు, వంశచిహ్నాలు వచ్చి చేరాయి. 19వ శతాబ్దానికి అది అమెరికా కాలేజీల్లో చివరి ఏడాది ఆచారమైంది.

ఇరాన్ దారి గురించి చెప్పేవారు తక్కువ, నిజానికి అది పాతది. హిజ్రీ 782లో, అంటే 1380 ప్రాంతంలో, షిరాజ్ నగరంలో తాజుద్దీన్ అహ్మద్ అనే మంత్రి ఒక ఖాళీ పుస్తకం పట్టుకుని ఊళ్లోని పండితులను, కవులను, మతాచార్యులను ఆశ్రయించాడు. తన గుర్తుగా ఉండేలా ఎవరి చేతిరాతతో వారు ఏదైనా రాయమన్నాడు. రాశారు. విట్టెన్‌బర్గ్ విద్యార్థులకు నూట అరవై ఏళ్ల ముందు, మహాకవి హాఫిజ్ ఇంకా బతికుండగానే, ఆయన ఊళ్లోనే జరిగిన పని ఇది. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది, 20వ శతాబ్దంలో అచ్చుకూడా అయింది. మంత్రిగారు రాజ్యానికి ఏం చేశారో గుర్తుంచుకున్నవారు లేరు. పదిమంది దగ్గరికి వెళ్లి రాయించుకున్నందుకు మాత్రం పేరు మిగిలింది.

ఇలాంటి పుస్తకాన్ని బయాజ్ అంటారు. పొడుగ్గా, సన్నగా, జేబులోనో చొక్కా చేతిలోనో ఇమిడేలా ఉండేది. నచ్చిన షేర్లు (రెండు పాదాల కవితలు), హకీం చెప్పిన మందు, మిత్రుడి చేతిరాత అన్నీ అందులోకే. పారశీకంతోపాటు బయాజ్ కూడా దక్కన్‌కు వచ్చింది. 1591లో హైదరాబాద్‌ను కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా స్వయంగా దక్కనీ కవి కాబట్టి, ఈ ఊరికి చేతిరాత పుస్తకాల మీద మోజు పునాదుల్లోనే ఉందనుకోవచ్చు. తర్వాతి రెండున్నర శతాబ్దాలను ఇక్కడ దాటేయక తప్పదు. షేర్లు రాసుకున్నవారు చాలామంది, చదువు ముగిసిన రోజున ఏం చేశారో రాసిపెట్టినవారు బహు తక్కువ.

పుస్తకం లేని వీడ్కోళ్లూ ఉన్నాయి. గురుకులంలో చదువు ముగిస్తే సమావర్తనం. శిష్యుడు స్నానం చేసి, గురువు చెప్పే ఆఖరి హితవు విని ఇంటికి మళ్లుతాడు. ఆ హితవు నమూనా తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో ఉంది. మదర్సాలో చదువు ముగిస్తే దస్తార్ బందీ, అంటే పెద్దల చేతుల మీదుగా తలపాగా. పాతబస్తీలో 1876 ప్రాంతంలో మౌలానా అన్వారుల్లా ఫారూఖీ స్థాపించిన జామియా నిజామియాలో ఆ సంప్రదాయం ఉంది. ఇంగ్లీషు చదువులతో వచ్చిన నల్లగౌను దీని ముందు వెలవెలబోతుందనే చెప్పాలి. గౌను ఆ సాయంత్రమే అద్దె దుకాణానికి తిరిగి వెళుతుంది, తలపాగా ఇంటికి వస్తుంది.

కాలేజీ వీడ్కోలు అన్నది పాతబస్తీలో మూసీ ఒడ్డున కుదురుకుంది. మొదటి సాలార్‌జంగ్ 1850ల్లో పెట్టిన దారుల్ ఉలూం ఊళ్లో కొత్త తరహా చదువుకు నాంది. 1908 సెప్టెంబరు 28 వరద తర్వాత నది ఒడ్డు రూపు మారింది. విన్సెంట్ ఎష్ అనే వాస్తుశిల్పి హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, కాచిగూడ స్టేషన్‌తోపాటు సిటీ హైస్కూలు భవనాన్నీ గీశాడు. అందులో 1921లో ఇంటర్మీడియట్ తరగతులు మొదలయ్యాయి, 1929లో అది సిటీ కాలేజీ అయింది. అప్పటికి ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టి పదేళ్లు దాటింది.

ఆ కాలపు వీడ్కోలుకు మూడు సరంజామాలు. ఒకటి షేర్వానీ. హిందువు, ముస్లిం తేడా లేకుండా మర్యాదైన సభకు అదే దుస్తు. రెండోది సిపాస్‌నామా. వెళ్లిపోయే గురువుకో పెద్దమనిషికో అందమైన దస్తూరీతో రాయించి, అచ్చువేయించి, ఫ్రేము కట్టించి, సభలో చదివి ఇచ్చే పత్రం. తెలుగువారి సన్మానపత్రానికి అన్నగారు. విశేషణాల దగ్గర ఇద్దరూ ఇద్దరే, పొదుపు తెలియనివారు. మూడోది గ్రూపు ఫోటో. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ కాలం నుంచి ఈ ఊరికి ఫోటో అంటే మక్కువ. 1892లోనే ఆయన పరదా ఆడవారి కోసం, ఆడవారే ఫోటోలు తీసే జనానా స్టూడియో తెరిచాడు. కాలేజీ ఫోటోలో ప్రిన్సిపాల్ నడుమ కుర్చీలో, పొట్టివాళ్లు నేలమీద, వెనక బెంచీ రౌడీలు వెనక బెంచీ మీదే. కింద అట్టమీద వరుసగా పేర్లు.

నవ్వులకూ లోటు లేదు. 1933లో ఉస్మానియా విద్యార్థిగా ఉండగా మఖ్దూం మొహియుద్దీన్ రాసిన హాస్య కవిత ‘పీలా దుశాలా’ హాస్టలు దాటి ఊరంతా పాకింది. పసుపు శాలువా మీద వెక్కిరింతతో పేరు తెచ్చుకున్న ఆ కుర్రాడే 1939లో సిటీ కాలేజీకి లెక్చరరుగా వచ్చాడు. తర్వాత ఉద్యోగం వదిలి కార్మిక ఉద్యమంలోకి వెళ్లాడు.

కొన్ని వీడ్కోళ్లకు విందూ లేదు, ఫోటోనూ లేదు. 1938 చివర్లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా హాస్టళ్ల నుంచి, ఇతర కాలేజీల నుంచి విద్యార్థులను బహిష్కరిస్తే, వందలమంది నాగపూర్ వెళ్లి చదువు పూర్తిచేశారు. వారిలో పి.వి. నరసింహారావు ఒకరు. 1952 సెప్టెంబరులో, ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న ముల్కీ ఆందోళన సాగుతుండగా సిటీ కాలేజీ దగ్గరే పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి.

ఇక అసలు కాలం, ఆటోగ్రాఫ్ పుస్తకానికి రాజ్యం దక్కిన కాలం. 1970ల నుంచి 1990ల దాకా. అప్పుడు డిగ్రీకి ఏడాదికోసారే పరీక్షలు. మూడో ఏడాది సంక్రాంతి సెలవులు దాటగానే గాలి మారేది. ఫిబ్రవరిలో జూనియర్లు చందాలు వేసి సీనియర్లకు ఫేర్‌వెల్ ఇవ్వడం, ఆ తర్వాత చదువుకోవడానికి సెలవులు, హాల్ టికెట్లు, పరీక్షలు. ఈ నడుమ దొరికే నాలుగైదు వారాలే పుస్తకం తిరిగే రుతువు. నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్‌లో పాత అసఫియా లైబ్రరీకి చదువుకోవడానికి వెళ్లినవారు చదివింది ఎంతో, పక్కవాడి పుస్తకంలో రాసింది ఎంతో చెప్పడం కష్టం.

పుస్తకం వెంటే రోజువారీ సంబరాలు. మదీనా చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పంచుకోవడం, ఉస్మానియా బిస్కట్ ముంచితే విరిగి కప్పులో పడకుండా తీయడం. క్లాసు ఎగ్గొట్టినవారికి దగ్గరి దిక్కు సాలార్‌జంగ్ మ్యూజియం. 1968 నుంచి ఇప్పటి భవనంలో ఉంది. గంట గంటకూ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం ముందు కూర్చుంటే ఎవరూ తప్పుపట్టరు. శుక్రవారం మాత్రం మ్యూజియానికి సెలవు, ఆ సంగతి మరిచి వెళ్లి తిరిగొచ్చినవారు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. 1990ల మొదట్లో రంజాన్ నెల ఫిబ్రవరి, మార్చిల్లో వచ్చింది. రోజా ఉన్న దోస్తులను కాదని పగటిపూట విందు పెట్టుకునే వీలు లేదు. ఇఫ్తార్ తర్వాత ఖర్జూరం, హలీం మధ్యనే వీడ్కోలు మాటలు సాగాలి. చాంద్రమాన లెక్కన ఆ వరస ముప్పై మూడేళ్లకు తిరిగొస్తుంది, 2020ల నడుమ మళ్లీ వచ్చింది.

పుస్తకం సంగతి. గులాబీ, లేత నీలం, పసుపు, పచ్చ రంగుల కాగితాలు, పైన ప్లాస్టిక్ తొడుగు, అట్టమీద గులాబీ పువ్వో సూర్యాస్తమయమో. రాతల్లో పడవ, తీరం, రైలు, స్టేషన్ విధిగా ఉంటాయి. ఉర్దూ పేజీల్లో గాలిబ్, ఇక్బాల్ షేర్లు, కొన్ని ఎవరివో తెలియకుండా గాలిబ్ ఖాతాలో పడ్డవి. తెలుగు పేజీల్లో సొంత వచన కవిత్వం. లెక్చరర్లు ఒక వాక్యం హితవు రాసి, సంతకం కింద రెండు గీతలు గీసి వదిలేస్తారు. పేజీ మూల త్రికోణంగా మడిచి పైన ‘విప్పొద్దు’ అని రాయడం ఒక కళ, ఆ మాట రాసేదే విప్పించడానికి. పైగా వంశపు ప్రభువుల దేవిడీల ఆవరణలో వెలసిన హుస్సేనీ ఆలం మహిళా డిగ్రీ కాలేజీ వంటి చోట, ఇంటికి వెళ్లాక పుస్తకం అన్న చదువుతాడు, పిన్ని చదువుతుంది అని తెలిసే రాసేవారు. అందుకే ఆ పేజీల్లో దాపరికం ఉన్న మాటలే బాగుంటాయి.

అన్నిటికన్నా విలువైనది చివర్లో రాసే చిరునామా. 20, 22, 23లతో మొదలయ్యే ఇంటి నంబర్లు, గల్లీ పేరు, దగ్గరి మసీదో గుడో, హైదరాబాద్-2. ఫోను నంబరు ఉంటే పక్కన ‘పీపీ’, అంటే పక్కింటివాళ్ల ఫోను, పిలిస్తే వస్తారు. 1973లో చమురు ధరలు పెరిగాక పాతబస్తీ కుర్రాళ్లు గల్ఫ్ దారి పట్టారు. అప్పటినుంచి ఫైనల్ ఇయర్ వీడ్కోలుకు బరువు పెరిగింది. ఒకడు జెడ్డా, ఒకడు దుబాయ్, ఒకమ్మాయికి పెళ్లి. మళ్లీ కలవడం నిజంగానే అనుమానం. ఆ చిరునామాల ఆధారంగానే ఎయిర్‌మెయిల్ ఉత్తరాలు, గొంతు రికార్డు చేసిన క్యాసెట్లు నడిచాయి. ఆ పేజీలను కవిత్వంగా చదివితే పేలవం, ఊరి వలసల చిట్టాగా చదివితే అమూల్యం.

తర్వాతి కథ పొట్టిది. 1990ల చివర్లో స్లామ్ బుక్ వచ్చింది. నచ్చిన హీరో, నచ్చిన రంగు, ముద్దుపేరు అని అచ్చువేసిన గళ్లు. ఖాళీ పేజీ ముందు కలం పట్టుకుని ఆలోచించే బాధ తప్పింది, రాత కూడా తప్పింది. చేతిరాత పుస్తకాన్ని చంపింది సెల్‌ఫోన్ అంటారు గానీ మొదటి దెబ్బ ఈ గళ్లదే. 2004లో తమిళ సినిమా ‘ఆటోగ్రాఫ్’ తెలుగులో రవితేజ ‘నా ఆటోగ్రాఫ్’గా వచ్చేనాటికి ఆ వస్తువు దుకాణాల్లో వెనక అరలోకి పోయింది. 2007లో శేఖర్ కమ్ముల ‘హ్యాపీ డేస్’ వచ్చాక ఫేర్‌వెల్ అంటే వేదిక, పాటలు, చీరకట్టు, సూట్లు అని స్థిరపడింది. 2016-17 నుంచి తెలంగాణ డిగ్రీ కాలేజీల్లో సెమిస్టర్ల పద్ధతి వచ్చి, ఏడాదికోసారి దొరికే ఆ తీరిక వారాలు కూడా పోయాయి. 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఒక బ్యాచి మొత్తం పార్టీ లేకుండా, కనీసం షేక్‌హ్యాండ్ లేకుండా విడిపోయింది.

ఇప్పుడు వాట్సాప్ గ్రూపు ఉంది, ఎవరూ ఎవరికీ దూరం కారు. అది మేలే. పోయిందల్లా వేరొకటి. ఉర్దూ మీడియం కుర్రాడు తెలుగు దోస్తు పేరును తెలుగులో వంకరటింకరగా రాయడానికి, తెలుగు కుర్రాడు అలిఫ్, బే నేర్చుకుని ‘ఖుదా హాఫిజ్’ అని రాయడానికి ఒక జాగా ఉండేది. ఇంగ్లీషు అక్షరాల్లో రెండు భాషలనూ టైపు చేసే అలవాటు వచ్చాక ఒకరి లిపి ఒకరికి అక్కర్లేకపోయింది. ఈ నష్టానికి ఏ రీయూనియన్ పార్టీ సరిపోదు.

ఆ పుస్తకాలు చాలావరకు ఇళ్లు మారేటప్పుడు పాతసామాను బండి ఎక్కాయి. మిగిలినవాటిలో బాల్‌పెన్ సిరా ఇంకా చదవడానికి వీలుగా ఉంది. ప్లాస్టిక్ తొడుగు మాత్రం కాగితానికి అంటుకుపోతుంది. ఇంట్లో అలాంటి పుస్తకం ఉన్నవారు ముందుగా ఆ తొడుగు తీసేయాలి. ఫోనుతోనైనా ప్రతి పేజీని రెండు వైపుల నుంచీ ఫోటో తీసి, ఒక ప్రతి తాము చదివిన కాలేజీ లైబ్రరీకి ఇవ్వాలి. చిరునామాల పేజీ మాత్రం ఇవ్వకుండా తమ దగ్గరే ఉంచుకోవడం మర్యాద.