జొన్న చేలు, కాలువ నీళ్లు

మాంసం తగ్గించి గింజలు, పప్పులు తింటే భూమికి మేలన్న మాట ఇవాళ ప్రపంచమంతా వినిపిస్తోంది. అది నిజమే. కానీ ఆ గింజ ఏ నీళ్లతో పండింది, ఏ పంటను తోసేసి వచ్చింది అని అడగకుండా ఆ మేలు లెక్క తేలదు. తెలంగాణలో కామారెడ్డి జిల్లా బాన్సువాడ చుట్టుపక్కల నేలలే ఇందుకు సాక్ష్యం. మంజీర నది మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు రాకముందు ఇక్కడ చెరువుల కింద వరి, మిగతా చోట్ల వానకు పండే జొన్న, కంది, పెసర, శనగ. జొన్న సాళ్ల మధ్య కంది సాలు పెట్టేవారు. జొన్న కోసుకున్నాక కూడా కంది చేలో నిలబడే ఉండేది. దాని వేరు బుడిపెలు నేలలో నత్రజని నిలిపేవి, రాలిన ఆకు ఎరువయ్యేది, జొన్న చొప్ప పశువుల మేతకు పోయేది. రొట్టెలోకి పప్పు నంజుకుని తింటే ఒకదాని మాంసకృత్తుల్లో కొరవడిన అమైనో ఆమ్లాలు రెండోదానిలో దొరికేవి. ఇదేమీ మాంసం మానేసిన సమాజం కాదు. 2014 నాటి కేంద్ర సర్వేలో తెలంగాణలో 98 శాతానికి పైగా మాంసాహారులే. రోజువారీ బలం మాత్రం చేలోంచే వచ్చేది.

కాలువ రాగానే వరి, చెరకు పరుచుకున్నాయి. కోస్తా రైతులు వచ్చి భూములు కొని స్థిరపడ్డారు, 1930ల చివర బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. వానను నమ్ముకున్న ప్రాంతానికి అన్నం పెట్టిన ప్రాజెక్టును తప్పుపట్టడమేమిటని ఎవరైనా అడగవచ్చు. తప్పు నీళ్లది కాదు. ప్రధానంగా వరికే కొనుగోలు భరోసా ఇచ్చి, పప్పులను రైతు తెగింపుకు వదిలేసిన విధానానిది. వరి కూడా మాంసం కాదు, మొక్కే; అయినా నీళ్లు నిలిచిన మడి భూమిని వేడెక్కించే మీథేన్ వదులుతుంది.

ఇలాంటి చోట్ల వదులుకున్న పప్పును మన దేశం బయట వెతుక్కుంటోంది. కందుల కోసం 2016లో మొజాంబిక్‌తో ఒప్పందం చేసుకుంది. పసుపు బఠానీ మీద 2017లో 50 శాతం సుంకం వేసి, 2023 చివర కొంతకాలం ఎత్తేసింది. అదే బఠానీ నుంచి తీసిన ప్రొటీన్‌తో అమెరికాలో మాంసం లేని బర్గర్లు చేస్తున్నారు. సంపన్న దేశాల కొత్త రుచి, మన పప్పు కొరత ఇప్పుడు ఒకే గింజ కోసం చూస్తున్నాయి.

ప్రపంచంలో పండే సోయాలో అధిక భాగం పశువుల, కోళ్ల దాణాకే పోతోంది కదా, మాంసం తగ్గితే ఆ నేల మిగలదా అన్న వాదన బలమైనదే, ఒప్పుకోవాలి. కామారెడ్డి జిల్లా మెట్ట భూముల్లోనూ సోయా విరివిగా పండుతోంది. అయితే మిగిలిన నేలలో రైతు ఏం వేస్తాడో తేల్చేది తినేవాళ్ల ఆదర్శం కాదు, మార్కెట్ యార్డులో పలికే ధర. వరి కొన్నట్టే కందిని, జొన్నను కూడా ఊరూరా కేంద్రాలు పెట్టి ప్రభుత్వం కొనాలి.