జన్యువును మోయు పల్లకి

పెండ్లి ఊరేగింపు వీధిలోనికి వచ్చినప్పుడు అందరి చూపులు పల్లకిలోని వధూవరుల మీదనే నిలుచును. పల్లకి మోయు బోయీల ముఖము చూచువారు అరుదు. ఎవని కాలైన జారిననాడు మాత్రమే వారు జ్ఞాపకమునకు వత్తురు. జన్యు చికిత్స చరిత్రలోను ఇట్లే జరిగినది. జన్యువులను గూర్చి లోకము చాల విన్నది. ఆ జన్యువును జీవకణములోనికి మోసికొనిపోవు వాహకములను గూర్చి విన్నది తక్కువ. ఆ మోయువారి కథనే నేడు మనము చెప్పుకొందము.

జన్యు చికిత్స వెనుకనున్న భావము సులభమైనదే. ఒక జన్యువు చెడిపోయి వ్యాధి కలిగినప్పుడు, దాని మంచి ప్రతిని జీవకణమునకు అందించవలెను. కాని అందించుట యెట్లు? జన్యువు డి.ఎన్.ఏ. అను పొడవైన దారములో ఒక భాగము. ఆ దారము ఋణవిద్యుదావేశము గలది. కణపు పైపొరయు ఋణావేశము గలదే. పైగా అది కొవ్వుతో ఏర్పడినది. ఒకే ఆవేశము గల వస్తువులు ఒకదానినొకటి త్రోసికొనునని మనము పాఠశాలలో చదువుకొన్నదే గదా! ఇంతలో రక్తములోని ఎంజైములు ఆ దారమును తునకలు చేయును. మోయువారు లేనిదే జన్యువు గమ్యము చేరదు.

ప్రకృతిలో ఈ విద్య నేర్చినది వైరస్. తన జన్యువులను ఇతరుల కణములలో ప్రవేశపెట్టుటయే దాని జీవనము. అందలి హానికరమైన భాగములను తొలగించి, మంచి జన్యువును నింపి పంపవచ్చునని శాస్త్రజ్ఞులు తలచినారు. 1990 సెప్టెంబరు 14న అమెరికాలోని బెథెస్డాలో, రోగనిరోధక శక్తి కొరవడిన నాలుగేండ్ల బాలికకు ఈ విధముగా చికిత్స ఆరంభమైనది. వైద్యులు ఆమె తెల్లకణములను బయటకు తీసి, వైరస్ ద్వారా జన్యువును చేర్చి, మరల ఎక్కించినారు. ఆ దశాబ్దమంతయు ఆశతో గడచినది.

1999 సెప్టెంబరులో ఫిలడెల్ఫియా నగరమున కాలు జారినది. మనము తిను మాంసకృత్తుల నుండి పుట్టు అమ్మోనియాను యూరియాగా మార్చుటకు కాలేయములో కొన్ని ఎంజైములు వరుసగా పనిచేయును. జెస్సీ గెల్సింగర్ అను 18 ఏండ్ల యువకునిలో వానిలో ఒకటి లోపించినది. అతడు పథ్యముతోను మందులతోను వ్యాధిని అదుపులో నుంచుకొన్నవాడు. తనకు మేలు కలుగదని తెలిసియు, ఇదే లోపము తీవ్రరూపమున గల పసిబిడ్డలకు ఉపకరించునని ఆ ప్రయోగమునకు ముందుకు వచ్చినాడు. సెప్టెంబరు 13న ఎడినోవైరస్ ద్వారా అతనికి జన్యువు నిచ్చినారు. శరీరపు రక్షణ వ్యవస్థ ఆ వైరస్‌ను శత్రువుగా నెంచి విజృంభించినది. 17వ తేదీన అతడు మరణించినాడు. ప్రయోగ నిర్వహణలోని లోపములును పిమ్మట విచారణలో బయటపడినవి.

వైరస్ లేకుండ జన్యువును మోయు ఉపాయము లేదా అను ప్రశ్న అప్పుడు బిగ్గరగా వినవచ్చినది. నిజమునకు దానికి సమాధానము మూడు దశాబ్దములకు పైగా నెమ్మదిగా సిద్ధమగుచున్నది. 1960 తరువాతి సంవత్సరములలో ఇంగ్లండులో కేంబ్రిడ్జి సమీపమున బాబ్రహాములో అలెక్ బాంగ్‌హామ్ అను శాస్త్రజ్ఞుడు లెసిథిన్ వంటి కొవ్వులను నీటితో కలిపి పరిశీలించినాడు. అవి తమంతట తామే పొరలుగా అమరి, మూసికొన్న చిన్న బుడగలుగా ఏర్పడినవి. వీనికే లైపోసోములని పేరు. జీవకణపు పైపొరయు ఇట్టి కొవ్వుల పొరయే కనుక, మందును మోయుటకు ఇవి తగునని పలువురు భావించినారు.

మరియొక దారి పాలిమర్లది. ఒకే రకపు చిన్న అణువులు గొలుసువలె కూడి పాలిమర్ అగును. ధనావేశము గల గొలుసు ఋణావేశపు డి.ఎన్.ఏ.ను చుట్టి మూటగా కట్టగలదు. 1965లో వహెరీ, పాగానో అనువారు ధనావేశము గల డెక్స్‌ట్రాన్ సహాయముతో పోలియో వైరస్ యొక్క ఆర్.ఎన్.ఏ.ను కణములలోనికి పంపినారు. 1987లో జార్జి వూ, కాథరీన్ వూ అనువారు పాలీలైసిన్ అను గొలుసునకు, కాలేయ కణములు గుర్తించి పట్టుకొను ఒక ప్రొటీనును తగిలించినారు. మూటకు చిరునామా వ్రాయుట అదియే మొదలని చెప్పవచ్చును.

ఆ 1987లోనే కాలిఫోర్నియాలో ఫిలిప్ ఫెల్గ్‌నర్, అతని సహచరులు ధనావేశము గల ఒక కృత్రిమ లిపిడ్‌ను తయారుచేసినారు. దానిని డి.ఎన్.ఏ.తో కలిపినంతనే రెండును ఆకర్షించుకొని ముద్దలైనవి. ఆ ముద్దలను గాజు పళ్ళెములోని కణములు స్వీకరించినవి. ప్రపంచమంతటి రసాయన శాస్త్రజ్ఞులు ఇట్టి లిపిడ్ల నిర్మాణమునకు పూనుకొన్నారు. మన హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో అరవింద చౌధురి బృందము, సి.సి.ఎం.బి.లోని ఎన్. మధుసూదనరావుతో కలిసి రూపొందించిన నూతన లిపిడ్ల శ్రేణి 1999లో ప్రకటితమైనది.

అయితే పళ్ళెములో పనిచేసినది దేహములో పనిచేయలేదు. ధనావేశపు ముద్దలు రక్తములోని ప్రొటీనులకు అంటుకొని గడ్డకట్టును. ఎక్కువ మోతాదులో కణములకు విషమగును. ఇంకొక చిక్కు కలదు. కణము ఆ మూటను ఒక చిన్న సంచిలో చుట్టి మ్రింగును. సంచిలో క్రమముగా ఆమ్లము పెరిగి, లోనిది జీర్ణమైపోవును. పల్లకి గుమ్మము దాటినను వసారాలోనే చిక్కుపడినట్లగును. 1995లో ఫ్రాన్సు దేశస్థుడైన బేర్, అతని సహచరులు పాలీఇథలీనిమీన్ అను పాలిమర్‌ను ప్రయోగించినారు. అది ఆమ్లమును పీల్చుకొనుటచే సంచి ఉబ్బి పగులునని వారు ప్రతిపాదించినారు. అదియు కణములకు విషలక్షణము గలదే. బ్రిటనులో శ్వాసకోశములను పీడించు సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగులు లిపిడ్‌తో కూడిన జన్యువును ఏడాదిపాటు నెలకొకసారి పీల్చినారు. 2015లో వెలువడిన ఫలితమును బట్టి, మందులేని వారికంటె వారి శ్వాసశక్తి సుమారు 3.7 శాతము మెరుగుగా నుండెను. మేలు కలదు, కాని స్వల్పము.

పరిష్కారము ఒక చిన్న రసాయనపు మెలకువలో దొరికినది. కెనడాలోని వాంకూవరులో పీటర్ కలిస్, అతని సహచరులు పరిస్థితిని బట్టి ఆవేశము మారు లిపిడ్లను రూపొందించినారు. రక్తములో ఇవి దాదాపు తటస్థముగా నుండును. కనుక హాని తక్కువ. సంచిలోని ఆమ్లము తగిలినంతనే ధనావేశము పొంది, సంచి పొరను ఛేదించును. శత్రువు ఆయుధమునే తనకు తాళపుచెవిగా చేసికొనుట యన్నమాట! కొలెస్టరాల్, మరి రెండు సహాయక లిపిడ్లు చేరి, సుమారు 100 నానోమీటర్ల లోపు కణికలు ఏర్పడును. రక్తములోని ఒక ప్రొటీను వీనికి అంటుకొని కాలేయమునకు దారి చూపును. 2018లో అమెరికాలో ఆమోదము పొందిన పాటిసిరాన్ అను ఔషధము ఇట్టి కణికలలోనే ఆర్.ఎన్.ఏ.ను మోసినది. 2020 డిసెంబరు నుండి కోవిడ్ నివారణకు ఇచ్చిన ఆర్.ఎన్.ఏ. టీకాలను మోసినవియు లిపిడ్ కణికలే.

కథ తిరిగి ఫిలడెల్ఫియాకు వచ్చును. 2025లో ఆ నగరములోని పిల్లల ఆసుపత్రిలో ఒక పసిబిడ్డకు రెబెకా ఆరెన్స్-నిక్లస్, కిరణ్ ముసునూరు బృందము చికిత్స చేసినది. అమ్మోనియాను యూరియాగా మార్చు ఆ వరుసలోనే మరియొక ఎంజైము ఆ బిడ్డలో లోపించినది. ఆ బిడ్డ జన్యువులోని ఒక్క అక్షరదోషమును దిద్దుటకే తయారైన మందును లిపిడ్ కణికలు మోసినవి. ఫిబ్రవరి నుండి ఏప్రిలు లోపల మూడుసార్లు మందు ఇచ్చినారు. వైరస్ వాహకమైనచో శరీరము ప్రతిరక్షకములను సిద్ధము చేసికొనును గనుక రెండవసారి ఇచ్చుట దుర్లభము. బిడ్డ మునుపటికంటె ఎక్కువ మాంసకృత్తులను తట్టుకొన్నాడు. మందుల అవసరము తగ్గినది. పూర్తిగా స్వస్థుడైనాడని వైద్యులు చెప్పలేదు, దీర్ఘకాలము పరిశీలించవలెనన్నారు.

ఈ పల్లకికి కాలేయపు వీధి తెలిసినంతగా మెదడు, గుండె, శ్వాసకోశముల వీధులు తెలియవు. ఆ దారులు వెదకుటయే నేటి లిపిడ్, పాలిమర్ శాస్త్రజ్ఞుల పని. అయినను 26 ఏండ్ల క్రిందట ఒక యువకుడు ఎట్టి పసిబిడ్డల కొరకు తన ప్రాణమొడ్డెనో, వారివంటి ఒక బిడ్డ ఆసుపత్రి నుండి ఇంటికి చేరినాడు. ఈ రెండు సంఘటనల నడుమ పేరు వినబడని ఎందరో రసాయన శాస్త్రజ్ఞుల శ్రమ కలదు. వధూవరులతోపాటు బోయీలను గూడ ఒక్కసారి తలచుకొనుట న్యాయమని మా భావము.